ఎనిమిదేళ్ళ బాబుకు ఫ్రెండ్స్ లేరు: గ్రౌండ్‌లో కాదు, ఇంట్లో ఒక్క పిల్లాడితో మొదలుపెట్టండి

మీరు రాసిందంతా చదివానమ్మా. రాజమండ్రిలో ఉంటున్నారు. బాబుకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఆటిజం ఉందని నాలుగేళ్ళప్పుడు తెలిసింది. మాటలు వచ్చు, రైళ్ళంటే ప్రాణం. సాయంత్రం అపార్ట్‌మెంట్ కింద పిల్లలంతా ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూస్తాడు. మధ్యలోకి వెళ్తే తోసేస్తారు, లేదంటే తనే ఏడుస్తూ పైకి వచ్చేస్తాడు. ఈ ఏడాది క్లాసులో ఒక్కరు కూడా బర్త్‌డేకి పిలవలేదు. “వాడికి ఒక్క ఫ్రెండ్ అయినా దొరుకుతాడా? నేను ఏం నేర్పాలి?” అని అడిగారు. నేను చాలా ఏళ్ళుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. చదువు గురించి అడగని తల్లులైనా ఉంటారు గానీ ఈ మాట అడగని తల్లి దాదాపు ఉండదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దొరుకుతాడు. కానీ మీరు ప్రయత్నిస్తున్న చోటు అన్నిటికన్నా కష్టమైనది. సాయంత్రం ఆరు గంటలకు అపార్ట్‌మెంట్ కింద పదిహేను మంది ఒకేసారి అరుస్తుంటారు. నిన్న వన్ పిచ్ క్యాచ్ ఔట్, ఇవాళ కాదు. బంతి కారు కిందికి పోతే డెడ్ బాల్ అని ఒకడు, కాదని ఇంకొకడు. ఎవరు చెప్పిందీ పూర్తిగా వినిపించదు. ఒక మాట విని, అర్థం చేసుకుని, జవాబు చెప్పడానికి రెండు మూడు సెకన్లు ఎక్కువ కావాల్సిన పిల్లాడు ఆ గోలలో నిలదొక్కుకోవడం మాటలు కాదు. అక్కడ కుదరకపోయేసరికి “వీడికి కలవడం రాదు” అని అందరూ తేల్చేస్తారు. పాపం వాడూ అదే నమ్మడం మొదలుపెడతాడు. స్నేహానికి గుంపు అక్కర్లేదు. ఒక్క పిల్లాడు, ఇద్దరికీ నచ్చే ఒక్క పని, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలిసిన కొంచెం సమయం ఉంటే చాలు.

అంతకన్నా ముందు ఒక వారం ఏమీ నేర్పకుండా వాడిని గమనించండి. గోడ పక్కన నిలబడటం అంటే ఆటలో లేకపోవడం అని మనం అనుకుంటాం. మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటను గమనించి 1932లో రాసిన వర్గీకరణను ఇప్పటికీ పాఠాల్లో చెప్తారు. అందులో పక్కన నిలబడి చూడటం కూడా ఒక రకమే. ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం ఇంకో రకం. కలిసి ఆడటం ఆ తర్వాత. ఆటిజం ఉన్న మన పిల్లలు మొదటి రెండింటిలో మిగతావాళ్ళకన్నా ఎక్కువ కాలం ఉంటారు, అంతే. కాబట్టి చూడండి: ఏ ఆట దగ్గర ఎక్కువసేపు నిలబడుతున్నాడు? ఎవరు వస్తే కాస్త దగ్గరికి జరుగుతున్నాడు? ఇంటికొచ్చాక ఎవరి పేరు చెప్తున్నాడు? స్కూల్లో ఎవరి పక్కన కూర్చుని టిఫిన్ తింటున్నాడు? ఆ పేరు చాలాసార్లు మనం ఊహించనిది అయి ఉంటుంది.

నిజంగా వాడికి ఒంటరిగా అనిపిస్తోందా, లేక వాడిని చూసి మీకు అలా అనిపిస్తోందా అన్నది కూడా ఈ వారంలోనే తెలుస్తుంది. స్కూల్లో ఏడు గంటలు జనంలో ఉండి వచ్చిన పిల్లాడికి సాయంత్రం గంటసేపు ఒక్కడే రైలు పట్టాలు పేర్చుకోవడం విశ్రాంతి. దాన్ని లాక్కోకండి. కానీ మీ బాబు గోడ దగ్గరికి రోజూ తనంతట తనే వెళ్తున్నాడని రాశారు. అంటే వాడికి తోడు కావాలి.

ఇక ఆ ఒక్క పిల్లాడిని వెతకడం. క్లాస్ లీడర్‌నో, “చాలా మంచి పిల్ల, అందరికీ హెల్ప్ చేస్తుంది” అనే అమ్మాయినో టీచర్లు చూపిస్తారు. నేను అటు వెళ్ళను. అలాంటి పిల్లలు మీ బాబును ఒక బాధ్యతగా తీసుకుంటారు. బ్యాగ్ సర్దుతారు, చెయ్యి పట్టుకుని నడిపిస్తారు, నెల తిరిగేసరికి అలసిపోతారు. నెమ్మదిగా మాట్లాడే పిల్లాడిని చూడండి. ఒకటి రెండేళ్ళు చిన్నవాడైనా, పెద్దవాడైనా పర్లేదు. ఏదో ఒక దాని మీద పిచ్చి ఉన్నవాడైతే మరీ మంచిది. బస్సులు, డైనోసార్లు, కాయిన్లు, ఏదైనా సరే. బాబుకు నచ్చిన విషయంలో వాడికి కాస్తయినా ఆసక్తి ఉండాలి. ఇద్దరూ చదువులో సమానంగా ఉండాల్సిన పనిలేదు.

ఆ పిల్లాడి అమ్మతో ఫోన్‌లో దాచకుండా మాట్లాడండి. “మా బాబుకు ఆటిజం ఉంది. మీ వాడంటే ఇష్టం. ఆదివారం పదిన్నరకు ఒక నలభై నిమిషాలు మా ఇంటికి పంపిస్తారా? నేను ఇంట్లోనే ఉంటాను” అంటే చాలు. ఇది చెప్పడానికి గొంతు పట్టేస్తుందని తెలుసు. కానీ “ఎప్పుడైనా రండి” అంటే ఎవరూ రారు. రోజు, టైమ్, ఎంతసేపు అని చెప్తే చాలామంది సరే అంటారు.

ఆ నలభై నిమిషాలు ఎలా గడపాలో ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే అసలు పని ఇక్కడే ఉంది. ఎవరినీ ముట్టుకోనివ్వని బొమ్మలు బాబుకు కొన్ని ఉంటాయి కదా, వాటిని వాడి చేతే ముందే అల్మరాలో పెట్టించండి. షేర్ చేయడం ఆ రోజే నేర్పాల్సిన పని లేదు. టీవీ, ఫోన్, ట్యాబ్ కనిపించకూడదు. గోడకు ఒక కాగితం అంటించండి: రైలు ఆట, తినడం, బై చెప్పడం. మూడే. అయిపోయిన దాన్ని బాబే కొట్టేస్తాడు.

మీ వాడికి రాజమండ్రి నుంచి విశాఖ దాకా స్టేషన్లన్నీ వరుసగా వచ్చని రాశారు. అంతకంటే మంచి ఆట నేను కనిపెట్టలేను. ద్వారపూడి, అనపర్తి, సామర్లకోట, పిఠాపురం, అన్నవరం, తుని, అనకాపల్లి అని అట్టముక్కల మీద రాసి హాల్లో దూరం దూరంగా పెట్టండి. ఒకరు డ్రైవర్, ఇంకొకరు అనౌన్స్‌మెంట్. అనౌన్స్‌మెంట్ రాకుండా రైలు కదలకూడదు. రూల్ ఇదొక్కటే. దీనివల్ల ఒకరి కోసం ఒకరు ఆగాల్సి వస్తుంది, వినాల్సి వస్తుంది. అన్నవరంలో ఇద్దరూ మారతారు. మొదట మీ బాబు డ్రైవర్ సీటు వదలకపోవచ్చు. అందుకే మారే స్టేషన్ ఏదో కాగితం మీద ముందే రాసి ఉండాలి. “ఇప్పుడు వాడికి ఇవ్వు” అని మీరు చెప్తే అది అమ్మ మాట. “అన్నవరం వచ్చింది” అంటే అది ఆట రూల్. మన పిల్లలు మనుషుల మాటకన్నా రూల్‌ను తేలిగ్గా ఒప్పుకుంటారు.

ఇలా ఇద్దరూ కలిస్తేనే అయ్యే పనులు ఇంట్లో చాలా ఉన్నాయి. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా కలిపి మిక్చర్ చేయడం, దుప్పటి రెండు చివర్లు పట్టుకుని బంతి ఎగరేయడం, గాలిపటానికి ఒకరు దారం పట్టుకుంటే ఇంకొకరు వదలడం. ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కన్నా, పక్కపక్కన కూర్చుని చేతులతో ఏదైనా చేయడం మన పిల్లలకు హాయిగా ఉంటుంది. కళ్ళలోకి చూసి మాట్లాడమని మాత్రం పట్టుబట్టకండి. కళ్ళలోకి చూడటం మీదే ధ్యాస పెడితే అవతలివాళ్ళు చెప్పేది వినపడదని పెద్దయిన ఆటిజం వ్యక్తులు ఎందరో చెప్పారు.

మీరు వంటగది గుమ్మం దగ్గర ఉండండి. ప్రతి మాటకూ మధ్యలో దూరకండి. గొడవ వచ్చేలా ఉంటే ఇద్దరినీ కలిపి చెప్పండి: “ఇద్దరికీ అదే పెట్టె కావాలి, ఏం చేద్దాం?” వచ్చిన పిల్లాడితో “వాడంతేలే నాన్నా, నువ్వే సర్దుకో” అని మాత్రం అనవద్దు. ఇంకా ఆడతామని అడుగుతున్నప్పుడే ఆపేయండి. నలభై నిమిషాలు బాగా గడిచి యాభయ్యో నిమిషంలో ఏడుపుతో ముగిస్తే ఇద్దరికీ గుర్తుండేది ఏడుపే. వారానికోసారి, అదే పిల్లాడు, అదే టైమ్, అలా రెండు మూడు నెలలు సాగనివ్వండి. కొత్త పిల్లాడిని ఆ తర్వాతే కలపండి. ఇద్దరి నుంచి ముగ్గురయ్యేటప్పుడు మళ్ళీ కష్టమవుతుంది, ఎందుకంటే ముగ్గురిలో ఎప్పుడూ ఇద్దరు జట్టు కడతారు. అది అందరి పిల్లలకూ ఉండేదే.

ఓడిపోతే బోర్డు విసిరేస్తాడని రాశారు. దాన్ని ఇంట్లో మీతోనే సరిచేయాలి, బయటి పిల్లల ముందు కాదు. అష్టాచెమ్మా బాగా పనికొస్తుంది. కానీ మొదటి రోజే అన్ని రూల్సూ పెట్టకండి. ముందు కాయలు చంపుకోవడం ఉండదు, అష్టా పడినా చెమ్మా పడినా రెండో పందెం ఉండదు. ఒకరి తర్వాత ఒకరు గవ్వలు వేసి కాయ జరపడమే. గవ్వలు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ వంతు అని కంటికి కనిపిస్తుంది కాబట్టి వంతు కోసం ఆగడం తేలికవుతుంది. అది కుదిరాక రెండో పందెం, ఆ తర్వాత చంపడం పెట్టండి. ఓటమిని కూడా ఇలాగే కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. ముందు మీరు ఓడిపోయి “పోనీలే, మళ్ళీ వేద్దాం” అని గట్టిగా అనండి. నాన్న కూడా అనాలి. ఆ మాట వాడి నోటికి రావాలంటే ముందు మీ అందరి నోటా వినాలి.

దీనికి తోడు ఒక చిన్న కథ రాసి పెట్టుకోండి. అమెరికాలో టీచర్‌గా పనిచేసిన కెరోల్ గ్రే 1990ల మొదట్లో తెచ్చిన పద్ధతి ఇది. వీటిని సోషల్ స్టోరీస్ అంటారు. పిల్లాడి గొంతుతో, జరిగేది జరిగినట్టు రాయాలి. ఆజ్ఞలు ఉండకూడదు. వైకుంఠపాళికి నేను ఇలా రాస్తాను:

“వైకుంఠపాళిలో ఒక్కోసారి నా కాయ పాము నోట్లో పడుతుంది. అప్పుడు కాయ కిందికి వస్తుంది. నాకు కోపం వస్తుంది. కోపం రావడం తప్పు కాదు. పాము అందరి కాయల్నీ మింగుతుంది, నాన్న కాయను కూడా. కిందికి వచ్చినా ఆట అయిపోలేదు. నేను ‘పోనీలే’ అని మళ్ళీ పందెం వేయవచ్చు.”

ఆటకు ముందు, బాబు ప్రశాంతంగా ఉన్నప్పుడు చదవండి. బోర్డు విసిరేశాక చదివితే అది తిట్టు అవుతుంది.

ఇంక గ్రౌండ్. కొన్ని నెలల తర్వాత, ఇంటికి వచ్చే పిల్లాడు కింద ఉన్నప్పుడు పంపండి. “నేను కూడా ఆడవచ్చా?” అని అడగమని మనం నేర్పుతాం. పిల్లలు ఒకరినొకరు అలా అడగరు. అడిగితే “వద్దు” అనడం వాళ్ళకు చాలా తేలిక. ఆటలో చేరడం తెలిసిన పిల్లలు ఏం చేస్తారో చూడండి: దగ్గరగా వచ్చి కాసేపు చూస్తారు, బంతి తమవైపు వస్తే తీసి విసురుతారు, “అబ్బ, మంచి షాట్” అంటారు, ఆట ఆగినప్పుడు “నేను ఏ టీమ్?” అంటారు. ఈ నాలుగింటినీ విడివిడిగా ఇంట్లో ప్రాక్టీస్ చేయించవచ్చు. ఒక్క జాగ్రత్త. బంతి తెచ్చివ్వడం దగ్గరే వాడిని ఆపేస్తారు. రోజుల తరబడి బ్యాటింగ్ రాకుండా బంతులు ఏరుతుంటే అది స్నేహం కాదు, చాకిరీ.

ఇంకో సంగతి కూడా చూడండి. మన పిల్లలను ఆటలో అరటిపండుగా చేర్చుకుంటారు. ఔటైనా ఔట్ కాదు, దొరికినా దొంగ కాదు. మొదట్లో కొన్నాళ్ళు ఇది మంచిదే, లోపల ఉండి ఆట అర్థం చేసుకోవడానికి వీలవుతుంది. కానీ ఏడాది గడిచినా అలాగే ఉంటే వాడు ఉన్నా లేనట్టే. వాడికి నిజంగా చేయగలిగే ఒక పని ఇప్పించండి. స్కోరు రాయడం, దాగుడుమూతల్లో అంకెలు లెక్కపెట్టడం లాంటివి. అంకెలు తప్పని పిల్లాడు స్కోరర్‌గా ఉంటే వాడి మాట అందరికీ అవసరమవుతుంది. మరీ ముఖ్యంగా, వాడు కూడా ఔటవ్వాలి, దొంగ కావాలి.

ఇంతవరకూ మీ బాబు నేర్చుకోవాల్సిన వాటి గురించే చెప్పాను. సగం పని మిగతా పిల్లలది. బ్రిటన్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్‌కు స్వయంగా ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవాళ్ళకు ఇతరులు అర్థం కానట్టే ఇతరులకు వాళ్ళూ అర్థం కావడం లేదని, లోపాన్ని ఒక్కవైపే చూడటం సరికాదని 2012లో ఆయన రాశారు. ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం పెద్దవాళ్ళతో దీన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించింది. ఒకరు విన్న కథను పక్కవారికి, వారు ఆ పక్కవారికి చెప్పాలి. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళయినప్పుడు కథ ఎంత బాగా చేరిందో, అందరూ లేనివాళ్ళయినప్పుడూ అంతే బాగా చేరింది. రెండు రకాల వాళ్ళనూ కలిపిన వరుసలో మాత్రం కథలో ఎక్కువ వివరాలు మధ్యలోనే పోయాయి.

అందువల్ల క్లాసు పిల్లలకు కూడా నేర్పాలి. జాలి కలిగించే ఉపన్యాసం వద్దు. పావుగంట చాలు: “ముందు వాడి పేరు పిలవండి. ఒక్క మాట చెప్పి ఆగండి, జవాబు వస్తుంది. చెవుల దగ్గర అరిస్తే వాడికి నొప్పి. చేతులు ఊపుతున్నాడంటే సంతోషంగా ఉన్నాడనో, టెన్షన్ పడుతున్నాడనో అర్థం. రైళ్ళ గురించి మీకు ఏ డౌట్ ఉన్నా వాడిని అడగండి.” చెప్పే ముందు బాబును అడగండి, ఏం చెప్పబోతున్నారో వాడికి చెప్పండి. వాడికి ఇష్టం లేకపోతే పేరు తీయకుండా అందరి తేడాల గురించీ మాట్లాడవచ్చు.

థెరపీ సెంటర్ వెయిటింగ్ హాల్లో మీ బాబులాంటి పిల్లాడు ఎవరైనా ఉన్నారా? “ఇలాంటి పిల్లలతో కలిస్తే ఇంకా అలాగే అవుతాడు” అని చాలామంది పెద్దలు భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. తనలాగే రైళ్ళ టైమ్‌టేబుల్ చదివే పిల్లాడు దొరికితే అది తక్కువ స్నేహమేమీ కాదు. చాలా మంది పిల్లలకు మొదటి అసలు స్నేహం అక్కడే మొదలవుతుంది. చుట్టాల పిల్లల్నీ మరవకండి. పెళ్ళిళ్ళకు, పండగలకు గోల చేస్తాడని వాడిని అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్తే మేనత్త పిల్లలకు, పిన్ని పిల్లలకు వాడు పరాయివాడైపోతాడు. పెళ్ళికి ముహూర్తం టైమ్‌కి మేళాల మధ్యకు తీసుకెళ్ళకండి. ముందురోజు ఇంట్లో పదిమందే ఉన్నప్పుడు తీసుకెళ్ళండి. వేసవి సెలవుల్లో ఒక్క కజిన్‌ను వారం రోజులు మీ ఇంట్లో ఉంచుకోండి.

వాడి బర్త్‌డేకి క్లాసంతటినీ పిలవద్దు. ఇద్దరిని పిలవండి. బెలూన్లు పగలగొట్టడం, పార్టీ పాపర్లు ఉండవని వాళ్ళకు ముందే చెప్పండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. స్నేహం కోసం ఆరాటపడే పిల్లలను వాడుకోవడం తేలిక. “ఇది చేస్తే నీతో ఫ్రెండ్‌షిప్” అని టీచర్ పెన్ను తీయిస్తారు, బూతు మాట అనిపిస్తారు, డబ్బులు తెప్పిస్తారు. దొరికేది మన పిల్లాడే. “ఫ్రెండ్ అయితే దాచమని చెప్పడు, నొప్పి పెట్టడు, డబ్బులు అడగడు, బట్టల లోపల ముట్టుకోడు” అని బొమ్మలు వేసి గోడ మీద పెట్టండి. “వద్దు” అని గట్టిగా చెప్పడం, ఎవరికి చెప్పాలో తెలియడం కూడా సోషల్ స్కిల్సే. హలో చెప్పడం కన్నా ఇవి ముఖ్యం. అందుకే “అందరితో మంచిగా ఉండు, ఎవరేం అడిగినా ఇచ్చేయి” అని నేర్పవద్దు. స్కూలుకు వెళ్ళనని మొండికేయడం, టిఫిన్ బాక్సు ఖాళీగా ఉన్నా ఆకలి అనడం, వస్తువులు మాయమవడం లాంటివి కనిపిస్తే వెంటనే టీచర్‌తో మాట్లాడండి.

స్కూలు నుంచి మీరు కొన్ని అడగవచ్చు, అది బతిమాలడం కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ నిధులు అందుకునే లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఈ పిల్లలను చేర్చుకోవడమే కాక ఆటపాటల్లోనూ మిగతావాళ్ళతో సమానంగా అవకాశం ఇవ్వాలని ఆ చట్టంలోని 16వ సెక్షన్ చెప్తుంది. గేమ్స్ పీరియడ్‌లో “రెస్ట్ తీసుకో” అని క్లాసులో కూర్చోబెడితే అదేమీ దయ కాదు. నడవలేని, వీల్‌చైర్‌లో ఉండే పిల్లలకు ఈ అన్యాయం మరీ ఎక్కువ. వాళ్ళకు నడవడిక నేర్పాల్సిన పనేమీ ఉండదు. మెట్లు, బాత్‌రూమ్, విడిగా ఆటోలో రావడం, ఇవే వాళ్ళ స్నేహాలకు అడ్డు. వినపడని పిల్లాడికైతే క్లాసు పిల్లలు నలభై యాభై సైగలు నేర్చుకోవడమే పెద్ద సాయం. మాట రాని పిల్లలు బొమ్మల కార్డులు వాడుతుంటే అందులో “నాకు ఆకలి”, “బాత్‌రూమ్” మాత్రమే కాదు, “నా వంతు”, “భలే ఉంది”, “ఛీ, తొండి” కూడా ఉండాలి.

టీచర్‌ను ఇవి అడగండి: ఇంటికి వచ్చే పిల్లాడి పక్కన సీటు. ఇద్దరికీ కలిపి ఒక డ్యూటీ, ఉదాహరణకు లైబ్రరీ పుస్తకాలు తెచ్చివ్వడం. గ్రూపులు చేసేటప్పుడు “మీకు నచ్చినవాళ్ళతో కలవండి” అనకుండా టీచరే విడదీయడం, ఎందుకంటే ఆ మాట అన్న ప్రతిసారీ చివర మిగిలేది మన పిల్లలే. ఇంటర్వెల్‌లో కూర్చునే ఒక చోటు, ఒక బోర్డు గేమ్. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. ప్రభుత్వ బడి అయితే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రాన్ని అడగండి, సహిత విద్య టీచర్లు బడికి వచ్చి మాట్లాడతారు. పరీక్షలు, సలహా కావాలంటే మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ నీపిడ్ (NIEPID) సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. వేలకు వేలు తీసుకుని గదిలో కూర్చోబెట్టి “హాయ్, మై నేమ్ ఈజ్” అని వల్లె వేయించే సోషల్ స్కిల్స్ క్లాసుల కన్నా, వారానికోసారి ఇంటికి వచ్చే ఒక్క పిల్లాడు ఎక్కువ నేర్పుతాడని నా గట్టి నమ్మకం.

ఫ్రెండ్స్ ఎంతమంది అని లెక్కపెట్టకండి. వచ్చిన పిల్లాడు తనంతట తను మళ్ళీ ఎప్పుడు రావాలని అడిగాడా, మీ బాబు వాడి గురించి ఏదైనా గుర్తుంచుకుని చెప్పాడా, గొడవ తర్వాత మళ్ళీ కలిసి ఆడారా అన్నవి చూసుకోండి. కొన్నిసార్లు ఆ పిల్లాడు ఊరు మారిపోతాడు, కొత్త స్నేహితులు దొరికి రావడం తగ్గిస్తాడు. అప్పుడు బాబు బాధపడితే పడనివ్వండి, పక్కన కూర్చోండి, తర్వాత ఇంకొకరిని వెతుకుదాం.

ఈ వారం గమనించాక, వాడు ఏ ఆట దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడో, ఇంట్లో ఎవరి పేరు చెప్పాడో, ఏ శబ్దానికి చెవులు మూసుకున్నాడో రాయండి. మొదటి నలభై నిమిషాలకు ఏం పెట్టాలో, ఎవరిని పిలవాలో దాన్ని బట్టి చెప్తాను.